ఎడమ తలుపు

మా ఆయన మృతదేహాన్ని ఏలూరు ఆసుపత్రి నుంచి మా సొంత వ్యానులోనే ఇంటికి తెచ్చాం. వెనక సీట్లు మడిస్తే మనిషి పడుకునేంత చోటు వస్తుంది. పదకొండో రోజున ఆ వ్యానుకి శుద్ధి చేయాలన్నారు. బావగారు, అంటే మా ఆయన అన్నయ్య, పసుపూ కల్లుప్పూ కలిపిన నీళ్లు నాలుగు బకెట్లు లోపల పోయించారు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. వద్దనలేదు. ఆ రోజు దేనికీ వద్దనే ఓపిక లేదు.

వారం తిరక్కుండా ఎడమ తలుపు పనిచేయడం మానేసింది.

అది కరెంటుతో పక్కకి జరిగే తలుపు. మీట నొక్కితే తనే వెనక్కి వెళ్తుంది, మళ్లీ నొక్కితే మూసుకుంటుంది. మా ఆయన ఆ బండిని సెకండ్ హ్యాండులో కొన్నదే దానికోసం. మా అత్తగారికి వారానికి మూడుసార్లు ఏలూరులో డయాలసిస్. సూదులు గుచ్చే నరం కుడి చేతిలో ఉంది. ఆ చేత్తో బరువు పట్టకూడదు, దాన్ని ఎవరూ లాగకూడదు. ఎడమ తలుపు నుంచి ఎక్కితే ఎడమ చేత్తో పిడి పట్టుకుంటుంది. అవతలి తలుపు నుంచి ఎక్కితే పిడి కుడి చేతివైపు ఉంటుంది.

ఇప్పుడు మీట నొక్కితే లోపల టిక్కుమంటోంది, తలుపు కదలడం లేదు. బలవంతంగా తోయాలంటే ఇద్దరు మగవాళ్లు కావాలి. సోమవారం ఎవరూ దొరక్క కుడివైపు నుంచి ఎక్కించాను. ఆమె కాలు జారి ఆ చేత్తోనే పిడి పట్టుకుంది. ఆసుపత్రిలో నర్సు ఆ నరం మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విని, "ఈసారికి పర్లేదండీ. ఇంకోసారైతే నేను చెప్పలేను" అంది.

పలకరింపుకి వచ్చేవాళ్లకి మాత్రం ఆ తలుపు మంచి విషయమైంది.

"ఆఖరుసారి అందులోనే కదండీ వచ్చాడు. తలుపు ఆయనే పట్టుకున్నాడు" అంది ఒకావిడ.

"బతికుండగా ఒక్క తలుపూ వేసేవాడు కాదు ఆయన, ఫ్రిజ్జు తలుపుతో సహా. పోయాక పట్టుకుంటాడా?" అన్నాను. ఆవిడ కాఫీ తాగకుండానే లేచి వెళ్లింది.

బావగారు నిర్ణయం చేసేశారు. "ఆదివారం ఒకాయన చూడ్డానికొస్తాడమ్మా. ఇచ్చేద్దాం. శవం మోసిన బండి, పైగా తలుపు బిగుసుకుంది. ఇంట్లో ఉంచకూడదు."

"అత్తయ్యగారు ఏలూరు ఎలా వెళ్తారండీ?"

"టాక్సీ పెట్టుకుందాం."

మాది కొల్లేరు అంచున చేపల చెరువుల మధ్య ఊరు. ఏ చెరువులో చేపల పట్టుబడి ఉన్నా డ్రైవర్లందరూ గట్టు మీదే ఉంటారు. ఆ సంగతి బావగారికీ తెలుసు. తలుపు బాగైతే బండి ఉంటుంది, లేకపోతే ఆదివారం పోతుంది. నాకు అర్థమైంది అంతే.

బుధవారం ఇద్దరిని బతిమాలి తలుపు తోయించి ఏలూరు వెళ్లాం. అత్తగారు మిషను మీద ఉన్న నాలుగు గంటల్లో బండిని ఒక పెద్ద వర్క్‌షాపుకి తీసుకెళ్లాను. కంప్యూటరు తగిలించి, మోటారు పోయిందన్నారు. మోటారూ దాన్ని నడిపే కంట్రోల్ బాక్సూ రెండూ మార్చాలట, సరుకు రావడానికి రెండు నెలలట. నిజంగా మోటారేనా అని ఎలా తేల్చారని అడిగాను. స్క్రీను చూపించారు.

నేను కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. ఆ సాయంత్రం బండితో వచ్చిన పుస్తకం తెచ్చుకుని వరండాలో కూర్చున్నాను. తలుపుల మెయిన్ స్విచ్చి ఆన్‌లోనే ఉంది. చైల్డ్ లాక్ వేసి లేదు. పెట్రోలు మూత తెరిచి ఉంటే ఎడమ తలుపు కదలదని రాసి ఉంది, అదీ మూసే ఉంది. ఫ్యూజు బాగుంది. మా ఆయన చేపల చెరువు మోటార్ల కోసం వాడే మీటరు తీసి, తలుపు కింద మెట్టు దగ్గర దొరికిన వైరు మీద పెట్టాను. పన్నెండు వోల్టులు చూపించింది. కరెంటు వస్తోంది, తలుపు కదలడం లేదు, అంటే మోటారే. వర్క్‌షాపు మాటే నిజమైంది. పుస్తకం మూసేశాను. ఆయన పోయాక మొదటిసారి గట్టిగా ఏడ్చాను, తలుపు గురించే.

గురువారం పొద్దున్న తాళాలు తీసుకుంటే బావగారు ఎదురొచ్చారు.

"నెల మాసికం కూడా కాలేదు. బండేసుకుని ఎక్కడికి?"

"గూడెం వెళ్తున్నానండీ."

"నలుగురూ ఏమనుకుంటారు?"

"ఆ నలుగురిలో ఇద్దరు రేపొచ్చి తలుపు తోస్తామంటే ఆగిపోతాను బావగారూ."

తాడేపల్లిగూడెంలో రోడ్డు పక్కన రేకుల షెడ్డులో పనిచేసే ముసలి ఎలక్ట్రీషియన్ ఒకాయన ఉన్నాడు. లారీల పని ఆయనది. ఇలాంటి తలుపు తనెప్పుడూ చూడలేదని ముందే చెప్పాడు.

"కుడి తలుపు బాగుందాండీ?"

"బాగుంది."

"అయితే ఇంక భయమేంటమ్మగారూ. పాఠం పక్కనే ఉంది."

కుడివైపు రిలే, అంటే మోటారుకి కరెంటు వదిలే చిన్న డబ్బీ, తీసి ఎడమవైపు పెట్టాడు. తలుపు కదల్లేదు. ఎడమది కుడివైపు పెడితే ఆ తలుపు బాగానే తెరుచుకుంది. మీటలు అటూ ఇటూ మార్చినా అంతే. అప్పుడు నేను మీటరు సంగతి చెప్పాను. పన్నెండు వోల్టులు నేనే చూశానని కాస్త గర్వంగానే చెప్పాను.

"మీటరు అబద్ధమాడదండీ. మీరడిగినదానికే జవాబు చెప్పింది" అని, షెడ్డులోంచి పాత హెడ్‌లైటు బల్బు ఒకటి తెచ్చాడు. దానికి రెండు వైర్లు అతికి ఉన్నాయి. నేను మీటరు పెట్టిన చోటే అవి పెట్టి మీట నొక్కమన్నాడు. బల్బులో తీగ ఎర్రగా అయింది, వెలగలేదు.

"మీది పల్లపు ఊరు కదండీ. కాలవలో నీళ్లు తూముదాకా నిండుగానే ఉన్నాయి. తూము ఎత్తితే చేలోకి పారట్లేదు. ఎందుకంటారు?"

"తూములో గుర్రపుడెక్క అడ్డుపడి."

"అంతే. మోటారుది తప్పు లేదు. దానికి అందట్లేదు."

మెట్టు మీది ప్లాస్టిక్ పట్టీ ఊడదీసి కార్పెట్ ఎత్తాడు. లోపల ఇంకా తడిగా ఉంది. వైర్ల జోడింపు ఒకటి బయటికి లాగితే రాగి పిన్నులు ఆకుపచ్చగా చిలుం పట్టి పొడిపొడిగా రాలాయి. చుట్టూ పసుపు చార.

"బండిలో పులిహోర కలిపారా ఏంటండీ?"

చెప్పాను. ఆయన నవ్వు ఆపేశాడు. రాలిన పొడిని వేళ్ల మధ్య నలిపాడు. తర్వాత, "పసుపుతో ఏం కాదమ్మగారూ. ఉప్పు తినేసింది" అన్నాడు.

కుళ్లిన ముక్క కోసేసి, కొత్త వైరు అతికి, ఒక్కో అతుకుకీ వేడి చేస్తే బిగిసే గొట్టం తొడిగాడు. బల్బు కళ్లు చెదిరేలా వెలిగింది. తలుపు మొదట సణిగినట్టు కదిలి, ఆ తర్వాత వెనకదాకా వెళ్లింది. మళ్లీ చెడితే ఎక్కడ వెతకాలో నాచేతే బల్బు పట్టించి నేర్పాడు. కార్పెట్ బాగా ఆరాలన్నాడు.

శనివారం దాన్ని వీధి గోడ మీద పరిచి ఎండబెట్టాను. పెరట్లోనూ ఎండ ఉంది. అయినా వీధిలోనే వేశాను.

ఆదివారం బేరగాడు వచ్చాడు. బావగారు బండి చుట్టూ తిప్పి చూపించి, "ఇదొక్కటే లోపమండీ" అని ఎడమ తలుపు మీద చెయ్యి వేశారు. నేను వరండాలోంచి తాళంచెవి మీది మీట నొక్కాను. తలుపు ఆయన చేతి కిందనుంచి జరిగిపోయింది.

"లోపం లేదండీ. బండి అమ్మడం కూడా లేదు" అన్నాను బేరగాడితో. ఆయన మా ఇద్దరి మొహాలూ చూసి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

"ఇంతకీ ఏమైందట దానికి?" అన్నారు బావగారు.

చెప్పాలా వద్దా అనుకున్నాను. అత్తగారు కుర్చీలో కూర్చుని వింటోంది. ఆ తలుపు గురించి ఊరంతా మా ఆయన పేరు ఎత్తింది. ఆ మాట అలా ఉండనివ్వడం నాకు ఇష్టం లేదు.

"శుద్ధికి పోసిన నీళ్లు అడుగున నిలిచిపోయాయండీ. ఉప్పు వైర్లని తినేసింది. మీ తమ్ముడు ఏ తలుపూ పట్టుకోలేదు."

"అంటే నేను చేసింది తప్పంటావా?"

"పోయమన్నది నేను" అంది అత్తగారు. "వాడు రెండు బకెట్లు చాలన్నాడు. నాలుగు పోయమన్నాను. నా కొడుకు కదా అని."

బావగారు కండువాతో మొహం తుడుచుకున్నారు.

"మళ్లీ చెడితే?" అన్నారు మెల్లగా.

"మళ్లీ విప్పుతాను."

సోమవారం ఆరింటికి బండి తీశాను. అత్తగారు ఎడమ చేత్తో పిడి పట్టుకుని, కుడి చేయి ఒళ్లో పసిపిల్లలా పెట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా ఎక్కి కూర్చుంది. బావగారు తోడొస్తానని ముందు సీట్లో ఎక్కారు. నేను నడిపే బండిలో ఆయన ఎక్కడం అదే మొదటిసారి. గట్ల మీద ప్రతి మలుపు దగ్గరా "నెమ్మదమ్మా" అన్నారు. నేను నెమ్మదించలేదు.