చుక్కల ఓడ నాది, అంతస్తులు అతనివి

సికింద్రాబాదులో మా పఠనమందిరం నుంచి చేత్తో రాసి తెచ్చిన లిఖిత పత్రిక గురించి ఎవరు మాట్లాడినా, అందులోని చుక్కల ఓడను నా మిత్రుడి సృష్టిగానే చెబుతున్నారు. మొన్న ఒక సభలో వక్త అదే మాట అంటే అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టవలసి వచ్చింది. కథ నాది, ఓడ నాది. లోపలి అంతస్తుల అమరిక మాత్రమే అతనిది. ఆ పత్రికను కళ్లతో చూసినవాళ్లు కొందరైనా ఉండగానే ఈ సంగతి రాసిపెట్టాలి.

నేను పెద్ద చదువులు చదవలేదు. పగలు రెజిమెంటల్ బజారులో మేనమామ ఇనుపసామాను దుకాణం, సాయంత్రం పఠనమందిరం. అదే నా కాలేజీ. ఖగోళం, ఆవిరి యంత్రాలు, సముద్రయానం, తెలుగులో దొరికినవన్నీ చదివాను. ఇంగ్లీషువి నిఘంటువు పక్కన పెట్టుకొని చదివాను. పోలీసు చర్య ముగిసి, మూతబడిన మందిరం మళ్లీ తెరిచాక, పత్రికకు ధారావాహిక మొదలుపెట్టాను. జనం భూమిని వదిలి నక్షత్రాలకు వెళ్లి స్థిరపడే కథ. ఓడ పటం నేనే గీశాను. పైన మొదటి తరగతి, దాని కింద రెండు, మూడు తరగతులు, అట్టడుగున సరుకుల గది. ప్రయాణికులు తమ సామాను అక్కడ అప్పగించి రసీదు తీసుకోవాలి. బరువు కిందుంటే ఓడ తూలదని పుస్తకంలో ఉంది.

మా పత్రికకు ఉండేది ఒకటే ప్రతి. దాన్ని మందిరంలో బల్ల మీద ఉంచేవాళ్లం. చదివినవాళ్లు చివర కుట్టిన ఖాళీ కాగితాల మీద తమ అభిప్రాయం రాసేవారు. నా పటాన్ని మొదట మా అక్కకు ఇంట్లో చూపించాను. గొడవల్లో బెజవాడ వెళ్లి, పిల్లలతో రైల్లో అప్పుడే తిరిగొచ్చింది.

"ఏందిర గిది? నా పెట్టె కింద ఏస్తవా? బియ్యం, పోరగాండ్ల బట్టలు అండ్లనే ఉంటయి గద!"

"రసీదు ఇస్తరక్కా."

"ఆ రసీదు వండుకొని తినాల్నా? రైల్ల లెక్క ఆడోళ్ల డబ్బా సుత లేదు. నీ ఓడ నేనెక్క."

నాకు కోపం రాలేదు. అక్క ఓడల గురించి ఏం చదివింది గనక? మందిరంలో నా పటం చూసిన నా మిత్రుడు మరుసటి వారం ఇంచుమించు అదే మాటను పటంగా గీసి తెచ్చినప్పుడు మాత్రం ఒళ్లు మండింది. అతను మా వీధిలోని అత్తరు దుకాణంవాళ్ల అబ్బాయి. మందిరానికి కబుర్ల కోసమే వచ్చేవాడు. ఓడల మీద ఒక్క పుస్తకమూ తిరగేయలేదు.

అతని ఓడలో తరగతులు లేవు. ప్రతి అంతస్తూ పొడుగాటి వసారా. కుటుంబానికొక గూడు, పడుకునే బల్ల కిందే వాళ్ల పెట్టెలు. విత్తనాలు, పనిముట్ల వంటి ఉమ్మడి సరుకు గూళ్ల మధ్య గోడల్లా పేర్చి ఉంది. ఆడవాళ్లకు నీళ్ల గదికి వేరే దారి.

"బరువంత మీదికొచ్చింది. తూలుతది," అన్నాను.

"చుక్కల నడుమ మీదేంది, కిందేంది భాయ్? ఆడ బరువే ఉండదని నువ్వే రాసినవు గద!"

రాశాను, నిజమే. "అయితే మాత్రం పెట్టెలు మంచం కిందనే ఎందుకు?"

అతను నవ్వడం ఆపాడు. "నడుమల దిగుమంటే? మా అమ్మ పెట్టెలు కట్టి వాకిట్ల పెట్టింది. ఊరిడిచి పోవాల్నో ఉండాల్నో ఎవ్వలు చెప్తలేరు. ఆ పెట్టె మీదనే కూసుంటది, ఆడనే తింటది. పో, ఆమెకు రసీదు ఇచ్చి చూడు."

ఆ వాకిటి ముందు నుంచే నేను రోజూ దుకాణానికి వెళ్లేవాణ్ణి. ఆ పెట్టెలు నేనూ చూశాను. అవి చూసి పటం తోచింది అతనికి, నాకు కాదు. ఈ ముక్క నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

పత్రికలోకి ఒక్క పటమే వెళ్లాలి. రెండింటినీ బల్ల మీద పెట్టారు. నా పటానికి ఒకరిద్దరు "శాస్త్రీయముగా నున్నది" అని రాశారు. అతని పటానికి ఖాళీ కాగితాలు చాలక మళ్లీ కుట్టారు. ఒకావిడ తమ గూడు కిటికీ పక్కన కావాలంది. ఇంకొకాయన మేకను తెచ్చుకోవచ్చా అని అడిగాడు. ఎన్నడూ అభిప్రాయం రాయని మా అక్క వచ్చి, "నేను ఎక్కుతాను" అని రాసిపోయింది.

కార్యదర్శిగారు అతని పటాన్ని నావైపు జరిపారు. "పత్రిక సాపు ప్రతి రాయాల్సింది మీరే గదండీ. మీ దస్తూరి లేకుంటే పత్రికకు అందమేది?"

ప్రతి గూడూ, ప్రతి పెట్టే నా చేత్తో గీశాను. ఎక్కడా గీత వంకర పోనివ్వలేదు. అంత బాగా గీస్తే నాదనిపిస్తుందేమోనని ఆశ. అనిపించలేదు. కింద అతని పేరు కూడా నేనే ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను.

చివరికి నా మిత్రుడి ఇంటివాళ్లు ఊరు విడిచి వెళ్లలేదు. నాకు సంతోషమే కలిగింది. వెళ్లి ఉంటే జనం జాలి కూడా అతనికే దక్కేది.

పేర్లు రాస్తే, నేను రాయడం మరిచినవాళ్లు నొచ్చుకుంటారు. అందుకని హోదాలతో, వరసలతోనే చెబుతాను. కాగితాలు కుట్టిన కార్యదర్శిగారికి, పుస్తకాలు ఇంటికి తీసుకెళ్లనిచ్చిన గ్రంథపాలకుడికి, దీపపు నూనె ఖర్చు భరించిన మేనమామకు, మొహమాటం లేని అక్కకు నా నమస్కారాలు. నా మిత్రుడికి కూడా. అతని అంతస్తులు లేకపోతే నా ఓడలో ఎవరూ ఎక్కేవారు కారు. ఇంతకంటే ఎక్కువ అతనికి ఇవ్వలేను.