కోత పండుగ డేగిసా

ఆ రోజు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా బీదరు చర్చి కోత పండుగకు అమ్మ ప్రతి ఏడూ పెరట్లో కాసిన మొదటి గుమ్మడికాయ ఇచ్చేది. ఆరాధన అయ్యాక వచ్చిన కానుకలన్నిటినీ ఆవరణలో హర్రాజు వేస్తారు. తినేవేవీ, ఎవరు పాడుకున్నా, ఇంటికి పోవు. అక్కడే వండుతారు, అందరూ ఒకే బంతిలో కూర్చుని తింటారు. తాతల నాటి పద్ధతి.

హైదరాబాదులో భూముల ధరలు ఆకాశానికెక్కిన రోజులవి. ఆ వేడి మా దారిలోని మన్నాఏఖేళ్ళి దాకా పాకింది. ప్లాట్ల బేరాలు చేసే మా తమ్ముడు ఒక పార్టీలో చేరాడు. కొల్హార్ ఫ్యాక్టరీలో పనిచేసే అన్న, పంతానికి, ఇంకో పార్టీలో చేరాడు. ఎలక్షన్లు దగ్గరపడేసరికి ఇద్దరికీ మాటల్లేవు. పండుగనాడన్నా కొడుకులిద్దరూ తనకు చెరో పక్కన కూర్చుని తినాలని అమ్మ ఆశ. అంతకు మించి ఆమె ఏమీ అడగలేదు.

ఇద్దరూ మెడలో పార్టీ కండువాలతోనే చర్చికి వచ్చారు. సిలువ ముందు మోకరించినప్పుడు కూడా తీయలేదు! హర్రాజులో అమ్మ గుమ్మడికాయ రాగానే పాట మొదలైంది. ఒకడు పెంచితే ఇంకొకడు పెంచాడు. వెనక పార్టీ మనుషులు ఈలలు వేశారు. "కాయ మా షామియాన కిందికే పోతది" అన్నాడు అన్న. "ఎట్ల పోతదో చూస్త" అన్నాడు తమ్ముడు. అప్పుడు తెలిసింది, పార్టీలు చెరో షామియానా వేసి వేరువేరుగా వంట పెట్టించాయని. ప్రభువు పేరున వండేదాన్ని కూడా చీల్చుకున్నారు.

పాస్టరయ్య నోరు విప్పలేదు. ఒక పార్టీ ప్రహరీ గోడ కట్టిస్తానంది, ఇంకోటి బోరు వేయిస్తానంది. అడకత్తెరలో పోకచెక్క అని ఆయన మీద జాలిపడినవాళ్లున్నారు. నేను పడను. అడకత్తెరలోకి ఆయన తానే నడిచి వెళ్లాడు.

అమ్మ లేచి బల్ల మీది కాయను నా ముందు పెట్టింది. "కొయ్యి బిడ్డా. దేవునికిచ్చిన కాయ ఇది. వీళ్ల పార్టీలకియ్యలే."

కత్తిపీట తెచ్చి కోశాను. అంత కసిగా నేనెన్నడూ కూర తరగలేదు. పాట ఆగిపోయింది. చర్చి పొయ్యి మీద రెండు చెవుల పెద్ద డేగిసాలో కూర ఉడికింది. ఆడవాళ్లం, ముసలివాళ్లం, పిల్లలం ఆవరణలో ఒకే బంతి వేశాం. షామియానాల కింద మగవాళ్లు బింకంగా నిలబడి చూస్తున్నారు.

డేగిసా దించాలంటే ఇద్దరు కావాలి. మసిగుడ్డలు కనపడలేదు. అమ్మ ఇద్దరినీ పేరు పెట్టి పిలిచింది.

"గుడ్డలు మీ మెడలల్లనే ఉన్నయి గదరా. చెరో చెవి పట్టి దించుండ్రి."

తమ్ముడు కండువా తీసి మడిచి, వచ్చి ఒక చెవి పట్టుకున్నాడు. అన్న వెనక్కి తిరిగి తనవాళ్ల మొహాలు చూశాడు.

"ఇది మసిగుడ్డ గాదమ్మా."

అమ్మ కొంగు కూడా అడ్డం పెట్టుకోకుండా ఉత్త చేత్తో రెండో చెవి పట్టుకుంది. నేను అరుస్తూనే ఉన్నాను. కూర ఒలకకుండా కింద పెట్టేదాకా ఆమె చెయ్యి వదల్లేదు. అన్న షామియానా కిందే ఉండిపోయాడు. ఆ పూట ఆమె ఎడమ పక్క విస్తరి ఖాళీగానే ఉంది.

తర్వాతి ఆదివారం ప్రభువు బల్ల, అందరికీ రొట్టె పంచే ఆరాధన. అమ్మ మోకరించి, బొబ్బలెక్కిన అరచెయ్యి చాచింది. ఆమె ఎడమ పక్కన అన్న వచ్చి మోకరించాడు. మెడలో కండువా లేదు. పాస్టరయ్య రొట్టె ముక్క ఆ బొబ్బల మీద పెడుతుంటే అన్న వెక్కివెక్కి ఏడ్చాడు.

అమ్మ అక్కడే క్షమించింది. నేను ఇంకా క్షమించలేదు.