ఒడ్డున నిలబడి ఈత నేర్పిన మనిషి

స్రవంతి గురించి రాద్దామని కూర్చుంటే ముందు నా మీద నాకే ఒళ్ళు మండుతోంది. ఆ మంట దాచుకుని రాస్తే ఇది అబద్ధమవుతుంది కాబట్టి దాచుకోను.

మాది నల్లగండ్లలో ఆరు టవర్ల కాంప్లెక్సు. నా పేరు ఉమాశ్రీ. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ మేనేజర్ని. పుట్టి పెరిగింది కాకినాడలో, సముద్రానికి కూతవేటు దూరంలో. అయినా నలభై రెండేళ్ళు వచ్చేదాకా మోకాలు లోతు దాటి నీళ్ళలో దిగలేదు. ఆడపిల్లకి ఈతెందుకన్నారు, ఊరుకున్నాను. అలాంటిదాన్ని పట్టుకుని మా వాసంతి, సౌదీ వెళ్ళి ఎర్ర సముద్రంలో స్కూబా డైవింగ్ చేద్దాం రమ్మంది. వాసంతి మా టవర్లోనే ఉంటుంది. ఆఫీసులో ప్రాజెక్టులు నడుపుతుంది, ఇంట్లో మొగుణ్ణి, పిల్లల్ని కూడా అలాగే నడుపుతుంది. మూడో మనిషి ప్రవీణ, వాసంతి కింద పనిచేసే అమ్మాయి, మా పక్క టవరు. ముగ్గురం నవంబరులో బయల్దేరాలని అనుకున్నాం.

ఆ రోజు నుంచే మొదలైంది గోల. వాసంతి కంప్యూటర్లో ఒక ఫైలు తెరిచి ప్రశ్నలు రాయడం మొదలుపెట్టింది. నలభై మూడు తేలాయి. నీళ్ళలో ఏం వేసుకోవాలి, పడవ మీద ఏం వేసుకోవాలి, నెత్తిన గుడ్డ ఉండాలా, గాలి సిలిండరు వీపుకి కట్టేది మగవాడైతే తప్పవుతుందా, మొగుళ్ళ దగ్గర్నుంచి ఉత్తరం తేవాలా. ఒక్కో ప్రశ్న రాసినప్పుడల్లా ముగ్గురం ఉడికిపోయేవాళ్ళం. ఈ రోజుల్లో కూడా ఒక ఆడది నీళ్ళలో దిగాలంటే ఇంకెవరో ఒప్పుకోవాలా అని ప్రవీణ అనేది. నేను తల ఊపేదాన్ని. గట్టిగానే ఊపేదాన్ని.

అక్కడి డైవింగ్ సెంటరు వాళ్ళు మాత్రం మమ్మల్ని అడిగింది ఒక్కటే. వచ్చేలోపు ఆగకుండా రెండు వందల మీటర్లు ఈదగలగాలి, పది నిమిషాలు నీళ్ళ మీద తేలగలగాలి అన్నారు. మా ముగ్గురిలో ఒక్కరికీ ఈత రాదు. అప్పుడు గుర్తొచ్చింది మాకు స్రవంతి.

అప్పటికి పదమూడు నెలలుగా మా పూల్ పక్కన నిలబడి ఉంది ఆమె. శని, ఆదివారాలు పొద్దున పది నుంచి పదకొండు దాకా పూల్లోకి ఆడవాళ్ళు మాత్రమే దిగాలి. ఆ గంటకి ఆడ లైఫ్‌గార్డ్ కావాలని ఏజెన్సీని అడిగితే ఆమెను పంపారు. మిగతా రోజుల్లో క్లబ్ హౌసు తుడుస్తుంది. నీలం రంగు యూనిఫాం చీర, దాని మీద నారింజ రంగు కోటు, మెడలో విజిల్, చేతిలో రెండు నిలువుల వెదురు కర్ర. ముప్పై ఏళ్ళుంటాయేమో. అన్నాళ్ళలో ఆమె పేరు నేనెప్పుడూ అడగలేదు.

నేర్పుతావా అంటే నేర్పుతానంది. అప్పుడు తెలిసింది ఆమె కథ. మహబూబ్‌నగర్ వైపు కోయిల్‌సాగర్ దగ్గర ఊరు. తండ్రి లింగయ్య చేపలు పడతాడు. నీళ్ళ అడుగున మునిగిపోయిన తుమ్మ మోడులకి వల చిక్కుకుంటే, తండ్రి పుట్టిలో కూర్చుని ఉండగా ఎనిమిదేళ్ళ ఈ పిల్ల ముక్కు మూసుకుని దూకి, కిందకి పోయి, తడిమి చూసి వల విడిపించుకొచ్చేది. కళ్ళతో పనేముంది, చేతులు చూస్తాయి అంది నాతో. పెళ్ళయ్యాక మొగుడు మధుతో పట్నం వచ్చింది. అతను క్యాబ్ నడుపుతాడు. బోరబండలో ఒక గది కిరాయికి తీసుకున్నారు. ఈత వచ్చని చెబితే ఈ నౌకరీ దొరికింది.

గాలి సిలిండరు లేకుండా నీళ్ళ అడుగుకి వెళ్ళొచ్చిన మనిషి మా మధ్యే చీపురు పట్టుకుని తిరుగుతుంటే, మేం డైవింగ్ గురించి వీడియోలు చూస్తున్నాం.

నేర్పడం మొదలుపెట్టింది, ఒడ్డు మీద నుంచే. ప్లాస్టిక్ స్టూలు వేసుకుని దాని మీద బోర్లా పడుకుని, చీర కుచ్చిళ్ళు బిగించి, కాళ్ళు ఎలా ఆడించాలో గాల్లో ఆడించి చూపించేది. మేం చేతులు తప్పుగా వేస్తే కర్రతో తట్టేది. "నీళ్ళతోని కొట్లాడకుర్రి మేడం. నీళ్ళు మిమ్ములను పైకే పంపుతయి. మీరే కిందికి పోతున్నరు," అనేది. ఆ ఒక్క మాటతో నాకు తేలడం వచ్చింది.

ఈ స్టూలు మీద తిప్పలెందుకు, దిగి చూపించొచ్చు కదా అని రెండో వారం అడిగాను. ఆమె కర్రతో గోడ మీది బోర్డు చూపించింది. పదకొండో రూలు. సిబ్బంది, డ్రైవర్లు, పనిమనుషులు, పెంపుడు జంతువులు పూల్లో దిగరాదు. కుక్కలూ ఆమే ఒకే వరసలో ఉన్నారు. ఎవరైనా మునిగిపోతుంటే తప్ప లైఫ్‌గార్డ్ నీళ్ళు ముట్టుకోకూడదని ఏజెన్సీవాళ్ళు నోటిమాటగా చెప్పారట. ఎవడు రాశాడో వెధవ అనుకున్నాను. అనుకుని మళ్ళీ ఈత మొదలుపెట్టాను.

అయిదో వారం, లోతు వైపు ఈదుతుండగా నా పిక్క పట్టేసింది. కాలు రాయిలా బిగుసుకుపోయింది. నీళ్ళు మింగాను. పది అడుగుల దూరంలో వాసంతి, ప్రవీణ గోడ పట్టుకుని అరుస్తున్నారు. కర్ర నా ముందుకే వచ్చింది గానీ అందుకోలేకపోయాను. మరుక్షణం కోటుతో, చీరతో సహా స్రవంతి దూకింది. కింద నుంచి నా నడుము మీద చెయ్యి వేసి ఒక్క తోపు తోసింది. మెట్ల మీద కూర్చోబెట్టి, పిక్క లాగి నరం సర్ది, నేను ఊపిరి తీసుకోవడం చూసింది.

తరవాత వెనక్కి తిరిగి మళ్ళీ నీళ్ళలోకి పోయింది. ఎవరూ పిలవలేదు, ఎవరూ మునగడం లేదు. రెండు బారలు వేసి, మునిగి, పూల్ పొడవు ఇరవై అయిదు మీటర్లూ నీళ్ళ కిందనే పోయి అవతలి గోడ దగ్గర లేచింది. అక్కడ ఒక్క క్షణం వెల్లకిలా తేలి, మెట్లెక్కి వచ్చింది. చీరలోంచి నీళ్ళు కారుతున్నాయి. మస్తు సల్లగున్నయి అంది నవ్వుతూ. ఆమె నవ్వగా చూడటం నాకు అదే మొదలు.

మర్నాడు ఆమెను రావద్దన్నారు.

మా సెక్రటరీ సుబ్రహ్మణ్యం గారు రిటైరైన ప్రభుత్వ అధికారి. గొంతు పెంచని మనిషి. నేను అరుచుకుంటూ ఆఫీసు గదిలోకి వెళితే కుర్చీ చూపించి, మంచినీళ్ళు ఇప్పించారు. సీసీ కెమెరా రికార్డింగు చూపించారు. "మిమ్మల్ని కాపాడినందుకు ఎవరికీ అభ్యంతరం లేదండి. సన్మానం కూడా చేద్దామనుకున్నాం. ఆ తరవాత నలభై సెకన్లు ఉన్నాయి చూడండి, అవి ఆవిడ సొంతానికి ఈదింది," అన్నారు.

నలభై సెకన్లు. మనిషి కూర్చుని లెక్కపెట్టాడు. రికార్డింగు చూసిన మూడు కుటుంబాలవాళ్ళు నీళ్ళు మార్చేదాకా పిల్లల్ని దించేది లేదన్నారట. వాళ్ళ పిల్లలు ఆ నీళ్ళలోనే ఏం చేస్తారో అందరికీ తెలుసు, దానికెవరూ నీళ్ళు మార్చమనలేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ రూలు రాసినవాడికి సిగ్గుండాలి అన్నాను. ఆయన బీరువాలోంచి పాత ఫైలు తీసి, పేజీ తిప్పి, నా ముందు పెట్టారు.

పూల్ నిబంధనలు, రూపొందించినవారు, ఉమాశ్రీ. కింద నా సంతకం.

రెండేళ్ళ కిందట కమిటీలో ఉన్నాను. ఆఫీసులో మాకు అలవాటే, ఏ కాగితమైనా మొదటి నుంచి రాయం. ఎవరిదో పాతది తెచ్చుకుని పేర్లు మార్చి పంపేస్తాం. కొండాపూర్‌లో ఒక కాంప్లెక్సు వాళ్ళ రూల్స్ ఫైలు తెచ్చి, వాళ్ళ పేరు ఉన్నచోటల్లా మా పేరు పెట్టాను. పదిహేను నిమిషాల పని. లోపల ఏముందో చదవలేదు. ఇంకాస్త నిజం చెప్పాలంటే చదివే ఉంటాను, నాకు తప్పనిపించి ఉండదు. లైఫ్‌గార్డ్ కూడా సిబ్బందే అన్న సంగతి కమిటీలో పదకొండు మందికీ తట్టలేదు. ప్రోగ్రాముల్లో తప్పులు పట్టి జీతం తీసుకునేదాన్ని నేను.

బోరబండ వెళ్ళాను. గది ముందు బట్టలు పిండుతోంది. ప్రాణాపాయంలో దిగవచ్చు అని రూల్లో ఒక మాట చేర్పిస్తాను, మళ్ళీ రా అన్నాను. ఆమె చేతులు దులుపుకుంది.

"మునిగేటోళ్ళుంటేనే నేను దిగాలెనా మేడం? గట్లయితే రోజూ మీల ఎవరో ఒకరు మునగాలె. పద్నాలుగు నెలలు నీళ్ళు సూస్కుంట నిలబడ్డ. ఎండకు కాళ్ళు కాలుతుండె. ఒక్క అడుగు ముందట నీళ్ళు. నౌకరి పోయిందని ఫికర్ లేదు, ఆ నిలబడుడే యాదికొస్తది."

అప్పుడు నా బుర్రకి తట్టింది. పదమూడో రూలు కూడా నేనే అంటించాను కదా. ప్రతి ఫ్లాటువాళ్ళూ ఇద్దరు అతిథుల్ని పూల్‌కి తీసుకురావచ్చు. సిబ్బంది దిగకూడదు, నిజమే. ఆమె సిబ్బంది కాదు ఇప్పుడు. వాళ్ళే తీసేశారు.

ఆదివారం పది గంటలకి గేటు దగ్గర రిజిస్టరులో రాశాను. అతిథి పేరు స్రవంతి. బంధం అన్నచోట, నాకు ఈత నేర్పినావిడ. వాసంతికి, ప్రవీణకి ముందే చెప్పాను, రమ్మని. రూలు రూలే కదా ఉమా, ఇప్పుడు ట్రిప్పు మీద దృష్టి పెడదాం అంది వాసంతి. ఇద్దరూ రాలేదు. వాసంతి మాత్రం బాల్కనీలోంచి చూస్తూ నిలబడింది. స్రవంతి నా ఈత డ్రెస్సు ఒకటి వేసుకుని దిగింది. దిగగానే నీళ్ళలో ఉన్న నలుగురు ఆడవాళ్ళు ఒక్కొక్కరే మెట్లెక్కారు. ఒకావిడ కూతుర్ని చెయ్యి పట్టి లాక్కుపోయింది. ఆ పిల్ల, ఆంటీ ఎంతసేపు మునిగిందో చూడమ్మా అని వెనక్కి తిరిగి చూస్తూనే వెళ్ళింది. మిగిలిన గంటంతా ఆ పూల్ మా ఇద్దరిదే. నేను రెండు వందల మీటర్లు ఆగకుండా ఈదాను. ఆమె నా పక్కనే, నీళ్ళలోనే ఉంది.

నాలుగు రోజుల్లో బోర్డు మారింది. మా లిఫ్టు పద్దెనిమిది నెలలుగా మూలుగుతోంది, దాన్ని బాగుచేయించడానికి ఎవరికీ తీరలేదు. ఇది నాలుగు రోజుల్లో అయింది. సిబ్బంది అన్నదాని పక్కన మాజీ సిబ్బంది అన్న మాట కూడా చేర్చారు. స్రవంతి ఇప్పుడు మాదాపూర్‌లో ఒక ఆఫీసులో తొమ్మిదో అంతస్తు తుడుస్తోంది.

ఆ వారంలోనే డైవింగ్ సెంటరుతో వీడియో కాల్. అటువైపు రీమ్ అనే అమ్మాయి, నెత్తి చుట్టూ నల్ల గుడ్డ, వెనకాల గోడకి వేలాడే గాలి గొట్టాలు. డైవింగ్ నేర్పేది ఆవిడే. వాసంతి తన నలభై మూడు ప్రశ్నలూ అడిగింది. రీమ్ ఓపిగ్గా చెప్పింది. ఊళ్ళో తిరిగేటప్పుడు ఒళ్ళు కప్పుకోండి, నీళ్ళలో అందరికీ నిండు సూటే, మందు దొరకదు, మొగుళ్ళ ఉత్తరాలు అక్కర్లేదు. చివర్లో ఆవిడ మమ్మల్ని అడిగింది, ఈత ఎవరు నేర్పారని. స్రవంతి గురించి చెప్పాను. ఒడ్డు మీద నుంచి నేర్పిందని కూడా చెప్పాను.

నీళ్ళలో దిగకుండా ఎలా నేర్పింది, దిగడానికి ఆమె మతం ఒప్పుకోదా అని అడిగింది రీమ్.

ఆమెకేం అభ్యంతరం లేదు, మాకే అన్నాను.

రీమ్‌కి కోపం రాలేదు. ఒక దేశపు ఆచారాన్ని అర్థం చేసుకోవాలనుకునే మనిషిలా పెన్ను తీసుకుని, ఎంతో మర్యాదగా అడిగింది. "మా పడవలో పనిచేసేవాళ్ళు కూడా మీతోపాటే నీళ్ళలో దిగుతారు. వంటాయన సాయంత్రాలు ఈదుతాడు. మీకు ఇబ్బందయితే ఇప్పుడే చెప్పండి, వాళ్ళని పడవకి రెండోవైపు దిగమంటాను."

వాసంతి కెమెరా ఆపేసింది. ఈ ప్రశ్న మా నలభై మూడింటిలో లేదు.