వలిసెపూల కొండకి లాక్ వేసిన చక్రాలతో

ఈ ప్రయాణం మా ఇంటి వంటగదిలో మొదలైంది. పోయిన ఏడాది మూడోసారి కొండ ఎక్కలేక తిరిగొచ్చిన మర్నాడు, మా ఆవిడ రత్నం టీ వడకడుతూ నా వైపు తిరక్కుండానే అంది: "ఇంకొక్కపాలి సూద్దారండి. ఈపాలి కూడా ఎనక్కొచ్చీసినామంటే ఆ జీపు అమ్మీయండి. ఊరికే ఆశపడ్డం ఇంక నా వల్ల కాదు." సరేనని మాటిచ్చాను. ఇవ్వడం తేలికే. ఆ సాయంత్రం మాత్రం ఇంటిముందు నిలబెట్టిన జీపు బానెట్ మీద చెయ్యి వేసుకుని చాలాసేపు నిలబడ్డాను.

రత్నంది ఎలమంచిలి. పెళ్లికి ముందు పాడేరు పైనున్న ఒక చిన్న గూడెంలో రెండేళ్లు నర్సుగా పనిచేసింది. తను ఉన్న గది ముందు అరుగు, దానికెదురుగా కొండవాలు. వానలు తగ్గగానే ఆ వాలంతా వలిసెపూలతో పచ్చగా పసుపు ఆరబోసినట్టు ఉంటుందని ఇరవయ్యేళ్లుగా చెబుతోంది. ఆ అరుగు మీద మరొక్కసారి కూర్చోవాలని ఆమె కోరిక. స్కూటర్ మీంచి పడి మోకాలు దెబ్బతిన్న దగ్గర్నుంచి చివరి మూడు కిలోమీటర్లు నడవలేదు, బైకు వెనక కూర్చోలేదు. వేసవిలో అయితే ఏ జీపైనా ఎక్కుతుంది, కానీ అప్పుడు పూలుండవు. పూలున్నప్పుడు దారంతా బురద. గూడెం పేరు రాయను, ఏమీ అనుకోకండి. పేరు బయటికి పొక్కితే ఆదివారాలు కొండలకేమవుతుందో మీకూ తెలుసు.

మూడుసార్లూ మమ్మల్ని ఆపింది ఒకే చోటు. వాన నీళ్లు దారికి అడ్డంగా కోసేసిన గండి. ఎడమ వెనక చక్రం అందులోకి వేలాడుతుంది, కుడి చక్రం గట్టి నేల మీదే ఉంటుంది. అయినా బండి కదలదు. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం వెళ్లాలి కాబట్టి, రెండూ వేర్వేరు వేగాలతో తిరిగేందుకు మధ్యలో డిఫరెన్షియల్ ఉంటుంది. దాని బలహీనత ఏమిటంటే, ఒక చక్రానికి పట్టు పోతే అది గాలిలో గిరగిరా తిరుగుతుంది, నేల మీదున్నది ఊరికే చూస్తుంటుంది. ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది కదా అంటారేమో. ఉంది. ముందొకటి, వెనకొకటి, రెండూ వృథాగా తిరిగాయి. దీనికి విరుగుడు ఆ డిఫరెన్షియల్‌ని బిగించేసే లాకర్. అది వేస్తే రెండు వెనక చక్రాలూ ఒకే ఇరుసుకి బిగించినట్టు కలిసి తిరుగుతాయి, కాబట్టి పట్టు ఉన్న చక్రం బండిని లాగుతుంది.

ముందు ద్వారకా నగర్‌లో ఒక షాపులో అడిగాను. కంప్రెసర్‌తో పనిచేసే గాలి లాకర్ చూపించారు, బిగింపుతో కలిపి లక్ష దాటుతుందన్నారు. తర్వాత పాత ఊళ్లో కరీం భాయ్ దగ్గరికి వెళ్లాను. తండ్రి నాటి నుంచీ గేరుబాక్సులు విప్పే షెడ్డు అది. హార్బర్‌లో ఓడ కూత వేస్తే రేకులు సన్నగా వణుకుతాయి. నేను మూడు రకాల లాకర్ల గురించీ చదివి వచ్చినదంతా వల్లించాను. ఆయన చేతులు తుడుచుకుంటూ ఓపిగ్గా విన్నాడు.

"కొండ మీద ఏడాదికెన్ని దినాలుంటావు బావా?"

"నాలుగైదు."

"మిగతా దినాలన్నీ పోర్టులో ట్రైలర్ల ఎనకాలే గదా. మరి తనంతట తానే పడే లాకరెందుకు? మలుపు మలుపుకీ టకటకమంటాది, నీకు నిద్దరట్టదు. గాలిది మంచిదే గానీ పైపు లీకైతే కొండ మీద ఎవుడు సేత్తాడు? కరెంటుదేయించు, ఎనక ఇరుసుకొక్కటే సాలు. వైరు తెగితే నువ్వే అతికించుకోవచ్చు." బిగించడానికి మూడు రోజులు పట్టింది, గాలి దానికయ్యే ఖర్చులో మూడొంతుల్లో రెండొంతులయింది. తాళాలిస్తూ ఆయన వేలెత్తి చెప్పాడు: "బండాగినప్పుడే లాకెయ్యి. సక్రం తిరుగుతుండగా ఏసినావంటే పళ్లు రాలిపోతాయి. తారు రోడ్డు తగిలిందా, ముందు లాక్ తీ, తర్వాతే మిగతా పని. వింటన్నావా?"

విన్నాను. కానీ ఇరవై రెండేళ్లుగా నా పని వేరేలా నేర్పింది. నేను పోర్టు యార్డులో చెకర్‌ని. ట్రైలర్ మీద కంటైనర్ కూర్చోగానే నాలుగు మూలల లాకులు చూస్తాను. నాలుగూ పడ్డాకే బండి గేటు దాటాలి, బరువు దిగాకే లాకులు తియ్యాలి. దారిలో తీసినవాడు పాపం కట్టుకున్నట్టే. ఈ మాట గుర్తుంచుకోండి.

దసరా వెళ్లిన పది రోజులకి, తెల్లవారుజామున పావు తక్కువ అయిదుకి దువ్వాడలో ఇంటి నుంచి బయల్దేరాం. వెనక స్టీల్ ప్లాంటు మీద ఆకాశం నారింజ రంగులో మెరిసి చల్లారుతోంది. సబ్బవరం దాటేసరికి పొలాల మీద మంచు మోకాలెత్తున పరుచుకుంది, తాటిచెట్ల తలలు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ గంటలో నేను నడుపుతున్నానో, రత్నం కంటున్న కలలో నన్నెవరో నడిపిస్తున్నారో తెలియలేదు. ఆరుంపావుకి చోడవరంలో టిఫిన్. ఇద్దరికీ కలిపి నూట పది. పెసరట్టు తిప్పుతున్న ఆవిడ మా టైర్లు చూసి, "కొండకేటి బాబూ? రాత్రి ఆ పక్క బాగా కొట్టింది వాన," అంది. రత్నం చెయ్యి పచ్చడి గిన్నె దగ్గర ఆగిపోయింది.

మాడుగులలో హల్వా కట్టించుకున్నాం, అక్కడ ఆగకుండా కొండెక్కితే పాపం. ఘాట్‌లో అమ్మవారి పాదాల దగ్గర కొబ్బరికాయ కొట్టాం. అక్కడి నుంచి మేఘాలు రోడ్డు మీదకే వచ్చేశాయి, అద్దం దించితే ముఖం తడుస్తోంది. తొమ్మిదింపావుకి పాడేరులో డీజిల్ నింపి, మరో గంట కాఫీ తోటల మధ్య నడిపి మట్టిదారి ఎక్కాం.

గండి ఈసారి ఇంకా లోతుగా ఉంది. పక్క తోటలో పనిచేసే భీమన్న, మూడుసార్లూ మమ్మల్ని వెనక్కి తోసిన మనిషి, పార భుజాన వేసుకుని నవ్వాడు. "మళ్లీ ఒచ్చినారా?" గండికి పది అడుగుల ముందే ఆపాను. లో రేంజ్, మొదటి గేరు. లాకర్ మీట నొక్కాను. అడుగు దూరం కదిలాక లోపల చిన్న టక్‌మన్న శబ్దం, డాష్‌బోర్డు మీద పసుప్పచ్చ దీపం. రత్నం తలుపు పైనున్న పట్టీని రెండు చేతులతో పట్టుకుంది. ఎడమ చక్రం ఎప్పటిలాగే గాలిలోకి వేలాడింది. కుడి చక్రం మాత్రం ఈసారి ఊరికే చూస్తూ ఉండలేదు. పెద్ద కుదుపు కూడా లేదు. ముసలి ఎద్దు లేచినట్టు నెమ్మదిగా లేచి అవతలికి చేరింది. భీమన్న పార కింద పెట్టేసి చప్పట్లు కొట్టాడు. రత్నం ఏడుస్తోంది. నేనూ ఏడ్చాననుకోండి, దాచడమెందుకు.

అరుగు అలాగే ఉంది, కొంచెం ఒరిగింది. పదకొండు నుంచి రెండున్నర దాకా అక్కడే కూర్చున్నాం. ఎదురు వాలు మీద మేఘం నీడ ఒకటి నిదానంగా పాకుతోంది, అది పాకిన మేర పసుపు చిక్కబడి మళ్లీ వెలుగుతోంది. నాకన్నా ముందు రత్నానికి తెలిసిన ప్రపంచం అది. గూడెం ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఆమె మోకాలు తడిమి చూసి, హల్వా తిని, రాగి జావ ఇచ్చారు. నాకు చాలా ఆనందంగానూ, ఎందుకో కొంచెం అసూయగానూ అనిపించింది.

దిగేటప్పుడు గండి దగ్గర మళ్లీ లాక్ వేశాను. రత్నం ఒడినిండా తెచ్చుకున్న వలిసెపూల కట్టని డాష్‌బోర్డు మీద పెట్టింది. ఆ పసుపు కింద దీపం కనబడలేదు. కనబడకపోయినా నాకు గుర్తుండాలి. కానీ నా ఒళ్లు పోర్టులో పెరిగిన ఒళ్లు. లాక్ పడింది, బరువు దిగలేదు, అంతా క్షేమమే అనుకుంది. తారు మీద స్టీరింగ్ బరువుగా తోచింది, టైర్లు మలుపుల్లో కిర్రుమన్నాయి. వాన వల్ల కాబోలనుకున్నాను. నాలుగుంపావుకి ఘాట్‌లో ఒక హెయిర్‌పిన్ మలుపు. సన్న జల్లు. స్టీరింగ్ పూర్తిగా తిప్పాను, బండి తిరగలేదు. రెండు వెనక చక్రాలూ కలిసి దాన్ని తిన్నగా నెట్టాయి. పిట్టగోడకి మూరెడు దూరంలో ఆగింది. గోడ అవతల మేఘం తప్ప ఏమీ లేదు.

రత్నం పూలు పక్కకి జరిపింది. దీపం వెలుగుతోంది. నా మీదుగా చెయ్యి చాచి తనే మీట తీసింది.

ఇంటికి వెళ్లగానే బండి అమ్మేస్తానన్నాను. యార్డు అలవాటు, బరువు దిగలేదు కదా, అని ఏదో గొణిగాను.

"అంటే నానేటి, బరువా?" అంది. నవ్విందో కోప్పడిందో చెప్పలేను. మళ్లీ తనే, "బండి మాట నిలబెట్టుకుంది. దాన్నమ్మడమేటి? ఆ మీట నా పక్కకి పెట్టించండి. మీకెయ్యడమే వచ్చు," అంది.

రాత్రి భోజనాల వేళకి ఇల్లు చేరాం. మర్నాడే కరీం భాయ్ మీటని ఎడమవైపుకి మార్చాడు. విషయం విని వైరు చుట్టూ టేపు రెండు చుట్లు ఎక్కువ వేశాడంతే. ఇప్పుడు నేను రత్నాన్ని అడక్కుండా చక్రాలు బిగించలేను, ఆమె తీస్తే తప్ప అవి విడిపోవు. ఇరవై రెండేళ్లు పట్టుకుని ఉండటమే జాగ్రత్త అనుకున్నాను. పక్కన కూర్చున్న మనిషిని ఆ పట్టే గోడదాకా తీసుకెళ్లింది. ఎండిన పూలు మాత్రం ఇంకా డాష్‌బోర్డు మీదే ఉన్నాయి, దీపానికి దూరంగా.

లాకర్ వేయించుకునేవాళ్లకి ఒక్క సలహా. ఏ రకమైనా పర్వాలేదు, మీట మాత్రం మీ పక్కన కూర్చునే మనిషి చేతికందే చోట పెట్టించండి. తారు తగలగానే నేనింకా గేరు మార్చకముందే, ఎడమవైపు నుంచి టక్‌మని వినిపిస్తుంది.