వైరు మీద సొరకాయ

నవంబరు మొదటి శుక్రవారం, సాయంత్రం. పటేల్‌గూడలో మా ఇంటి ముందు గది. హాజరైనవారు: నేను, నా భార్య, మా అక్క (దివాను మీద, కాళ్లు చాపుకొని), మా వీధికి ఇంటర్నెట్ ఇచ్చే ఆపరేటరు. చర్చనీయాంశం: ఏడాదికి ముందే డబ్బు కట్టించుకొని మధ్యలో ధర పెంచడం.

ఆ రోజు నా డైరీ ఇలా మొదలవుతుంది. ఇంట్లో నలుగురం కూర్చొని చాయ్ తాగినా నేను ఇలాగే రాస్తాను. ఒక పెద్ద యంత్రాల ఫ్యాక్టరీలో, పర్చేజ్ సెక్షన్‌లో ఉద్యోగమంతా గడిపినవాణ్ని. మీటింగు జరిగితే ఎవరేమన్నారో రాసిన మినిట్స్ ఉండాలి. రిటైరయ్యాక మీటింగులు పోయాయి, మినిట్స్ మిగిలాయి.

సంగతి ఇది. జూన్‌లో ఆ ఆపరేటరు ఇంటికొచ్చి, నెలనెలా కట్టే బదులు ఏడాదికి ఒకేసారి కడితే రెండు నెలలు ఉచితం అన్నాడు. ఎవరికీ పూర్తి అడ్వాన్సు ఇవ్వకూడదని సెక్షన్‌లో చేరిన ప్రతి కొత్తవాడికీ నేర్పింది నేనే. డబ్బంతా చేతిలో పడ్డాక సరుకు ఇచ్చేవాడు మన మాట వినడు అనేవాణ్ని. ఆ మాట విని బాగుపడ్డవాళ్లు ఉన్నారు. నేను మాత్రం ఉచితం అనగానే లోపలికి వెళ్లి చెక్కు పుస్తకం తెచ్చాను. ఆ రాత్రి డైరీలో ‘మంచి బేరం కుదిరింది’ అని రాసి, కింద గీత కూడా గీశాను.

దసరా సెలవులు అయ్యాక మెసేజ్ వచ్చింది. ధర పెరిగిందట. మిగిలిన నెలలకు తేడా కట్టాలట. కట్టకపోతే గడువు తగ్గిపోతుందట. అంటే నా ఉచిత నెలలు రెండూ ఇంకా రాకముందే వెళ్లిపోతున్నాయన్నమాట. ఆపరేటరును ఇంటికి పిలిపించాను.

మా అక్క గురించి కూడా ఇక్కడే చెప్పాలి. అక్క లక్డారంలో ఉండేది. ఎండాకాలంలో మోకాలి ఆపరేషన్ అయ్యాక మా ఇంటికి తెచ్చుకున్నాం. వచ్చేటప్పుడు కొంగున సొరగింజలు ముడేసుకొని వచ్చింది. ఏటా కోత పండుగనాడు తన పెరటి తొలికాయను చర్చిలో ప్రభువు బల్ల ముందు పెట్టడం పెళ్లయిన నాటి నుంచి ఆమెకు అలవాటు. ఆరాధన అయ్యాక ఆ పంటలన్నీ వేలం వేస్తారు. తన కాయ ఎంతకు పోయిందో, ఎవరు పాడారో మళ్లీ పండుగ దాకా చెప్పుకుంటుంది. ఈ ఏడాది పెరడు లేదు. మా మేడ మీద ఖాళీ పెయింటు బకెట్‌లో గింజలు వేసింది. తీగ బాగానే సాగింది కానీ పిందెలన్నీ రాలిపోయి ఒక్కటే నిలిచింది. ఆ ఒక్క కాయను చూడటానికి గోడ పట్టుకొని, ఒక్కొక్క మెట్టూ ఎక్కి మేడ మీదికి వెళ్లేది. పండుగ ఇంకా వారం పైన ఉంది.

“ఒట్టి చేతులతోని నేను పోను తమ్మీ. కాయ నిలిస్తెనే పండుగ. లేకుంటె మీరు పోయి రాన్రి” అని ముందే తేల్చి చెప్పింది. ఆమె అన్నదంటే అన్నదే.

ఇక మీటింగు. నేను ఫైలు తెరిచాను. “ఒప్పుకున్న ధర సరుకంతా అందేదాక మారొద్దు. గదే పద్ధతి” అన్నాను.

“నేనేడ పెంచిన సార్? మీద కంపెనోళ్లు పెంచిన్రు. నేను నడుమ గంప మోసెటోన్ని” అన్నాడు ఆపరేటరు.

“మీదోళ్లతోని నాకేం పని? పైసలు నీ చేతికిచ్చిన.”

“రసీదు జెర ఎనకకు తిప్పున్రి సార్.”

తిప్పాను. వెనక చీమల బారులా అక్షరాలు. ధరలు ఎప్పుడైనా మారవచ్చు, ఖాతాదారుడు అందుకు ఒప్పుకున్నట్టే. కింద నా సంతకం, తేదీతో సహా. మా ఫ్యాక్టరీ పర్చేజ్ ఆర్డర్ల వెనక సరిగ్గా అలాంటి చీమల్ని ఏరి కూర్చింది నేనే. సప్లయర్లు వచ్చి మొత్తుకుంటే, ‘వెనక చదవలేదా అండీ?’ అని ఎంతో మర్యాదగా అడిగేవాణ్ని. ఆ మర్యాద ఎంత మండిస్తుందో ఆ సాయంత్రం తెలిసింది.

“సదువలేదా?” అంది నా భార్య.

“అప్పుడు అద్దాలు లేకుండె.”

“చెక్కు రాసెటప్పుడు ఉండె గద.”

అక్క దివాను మీద కడుపు పట్టుకొని నవ్వింది. “చిన్నప్పటిసంది గంతే మరదలా. అందరికి లెక్క సెప్తడు, తన లెక్క తప్పుతడు” అంది నా భార్యతో.

అక్కడితో నేను ఊరుకోవలసింది. కానీ ఇద్దరు ఆడవాళ్లు ఎగతాళి చేశాక, సప్లయరు ముందు, ఎలా ఊరుకుంటాను? లేచి నిలబడ్డాను.

“నాకు నీ కనెక్షనే వద్దు. మిగిలిన నెలల పైసలు వాపస్ ఇయ్యి. నీ డబ్బా, నీ వైరు అన్ని తీస్కపో. రేపు పొద్దుగాల నా ఇంటి మీద నీ వైరు కనబడొద్దు!”

బతిమాలతాడనుకున్నాను. ఆర్డరు రద్దు చేస్తానంటే బతిమాలని సప్లయర్‌ను నా ఉద్యోగంలో చూడలేదు. అతను చాయ్ ఆఖరి గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టాడు. “సరే సార్. పొద్దుగాల మనిషిని పంపిస్త” అన్నాడు. చెప్పులు వేసుకుంటూ మేడ వైపు తలెత్తి చూసి, ఏదో చెప్పబోయి, నా ముఖం చూసి మానుకున్నాడు.

“ఏందో అనబోయిండు” అంది నా భార్య.

“దిగొస్తడు. రాత్రికే ఫోన్ చేస్తడు సూడు.”

ఫోన్ రాలేదు. ‘సూత్రం కోసం నిలబడ్డాను’ అని డైరీలో రాసి పడుకున్నాను. దాని కింద కూడా గీత ఉంది.

మర్నాడు పొద్దున నేను పేపరు విప్పేసరికి వీధిలో నిచ్చెన చప్పుడయింది. వచ్చింది మీసాలు నెరిసిన బీహారు లైన్‌మన్. స్తంభానికి నిచ్చెన వేసి సగం ఎక్కి, అక్కడి నుంచే కేకేశాడు. “అంకుల్‌జీ, వైర్ కిదర్ హై? ఇదర్ తో బగీచా హై!”

తోట ఏమిటి అనుకుంటూ బయటికి వెళ్లి తలెత్తాను. స్తంభం నుంచి మా పిట్టగోడ దాకా వైరు ఉండాల్సిన చోట పచ్చగా పందిరి ఉంది. అక్క తీగ బకెట్‌లోంచి పిట్టగోడ మీదికి పాకి, అక్కడ వైరును దొరకబుచ్చుకొని, సగం వీధి దాటేసింది. నడుమ, ఎవరి చేతికీ అందని ఎత్తులో, మూరెడు సొరకాయ వేలాడుతోంది. ఆ బరువుకు వైరు విల్లులా వంగింది.

రోజూ ఆ వైరు కిందనుంచే పాలకు వెళ్లి వస్తాను. నా డైరీలో నెలల తరబడి రెండు వాక్యాలు పక్కపక్కనే ఉన్నాయి: ‘నెట్ బాగుంది. అక్క తీగ పెరుగుతోంది.’ దేని మీద పెరుగుతోందని ఒక్క రోజూ అడగలేదు.

ఇంతలో మేడ మీద నుంచి అక్క గొంతు. “ఓ బిడ్డా! ఆ వైరు ముట్టినవంటె ఊకోను సూడు!”

లైన్‌మన్ చేతిలో కత్తెర అలాగే ఆగిపోయింది. “మాజీ, సాబ్ బోలా నికాల్‌నే” అన్నాడు, నా వైపు వేలు చూపిస్తూ.

“సాబేంది, గీబేంది! ఆ సాబుకు నేను అక్కను!” అని, పిట్టగోడ మీదుగా నా మీదికి వంగింది. “ఏంది తమ్మీ, నిన్న తియ్యమన్న వైరు గిదేనా?”

“నీ తీగ దీని మీద ఉన్నదని నాకేం తెలుసక్కా?”

“నీ నెట్టు వైరని నాకేం తెలుసు? బట్టల తీగ అనుకున్న. ఇంత ఎత్తుల ఎవరు కట్టిన్రో గని, మంచిగ కట్టిన్రని రోజు వాళ్ల కోసం ప్రార్థన చేస్తున్న.”

ఆ ప్రార్థనలన్నీ ఆపరేటరుకు పోయాయి. అవి పనిచేస్తున్న సంగతి నా కళ్లముందే ఉంది.

“తీగను జెర ఇటు పక్కకు తిప్పుకుంటె?” అన్నాను.

“తొడిమ కదిలిందంటె కాయ రాలుతది. తిప్పుతవా? తిప్పు. తిప్పి నువ్వే చర్చికి తీస్కపో, రాలిన కాయను.” చివరి మాట అని, అటు తిరిగి తీగ ఆకులు సర్దడం మొదలుపెట్టింది. తిట్టినప్పటి కంటే అది ఎక్కువ తగిలింది.

ఆపరేటరుకు ఫోన్ చేశాను. “నిన్ననే చూసిన సార్, మా వైరు మీద సొరకాయ. చెప్దామనుకున్న. మీరు గరం మీదున్నరు” అన్నాడు.

“కనెక్షన్ తీసెయ్. వైరు ఒక్కటి పండుగ దాక ఉండనీయ్.”

“ఉంచనీకి నాకేం ఇబ్బంది లేదు సార్. గని ఖాళీ వైరు స్తంభం మీద రెండు దినాలు ఆగదు. వేరే లైనోళ్లు కోసుకపోతరు. నడిచే వైరునైతె ఎవ్వరు ముట్టరు.”

నిజమో కాదో నాకు తెలియదు. అతని స్థానంలో ఉంటే నేను కూడా ఇంతకంటే బాగా చెప్పేవాణ్ని కాదు. అవసరం బయటపడ్డాక బేరం ఉండదని కూడా కొత్తవాళ్లకు నేర్పింది నేనే. వీధిలో నిలబడి, తేడా అంతా ఫోన్‌లోనే కట్టాను. మిగిలిన నెలలన్నిటికీ ఒకేసారి. అంటే, మళ్లీ అడ్వాన్సు.

లైన్‌మన్ కత్తెర సంచిలో పెట్టి, అందులోని పాత వైరు ముక్కతో కాయ కింద ఉయ్యాలలా ఒక ఆధారం కట్టాడు. “ఇంకొంచెం మీదికి బిడ్డా... అగో, గట్ల” అని అక్క పైనుంచి కట్టించుకుంది. దిగి వచ్చాక నా భార్య అతనికి చాయ్ ఇచ్చింది. కాయ వైపు చూసి, “మాజీ, యే ముఝే దేనా” అని, తనకిమ్మన్నట్టు చెయ్యి చాపి నవ్వాడు.

“గది దేవునిది బిడ్డా. పండుగనాడు వచ్చి వేలంల పాడుకో. ధర పెరుగుతది, ముందుగాలనే చెప్తున్న” అంది అక్క.

నా భార్య నా వైపు చూసింది. నేను చూడనట్టు నిలబడ్డాను.

వెళ్లే ముందు లైన్‌మన్ సంచిలోంచి ఒక కాగితం తీశాడు. కనెక్షన్ కొనసాగుతున్నట్టు సంతకం కావాలట. లోపలికి వెళ్లి అద్దాలు తెచ్చుకొని, కాగితం వెనక్కి తిప్పాను. రెండో వరుసలో ఉండగా మేడ మీద నుంచి అక్క, తీగకు నీళ్లు తెమ్మని కేకేసింది. సంతకం పెట్టి, బకెట్ అందుకొని మెట్లెక్కాను.