ఫిట్టరు చేతిలో లవంగ నూనె

మూడేళ్ల కిందటి వానాకాలం. ఖరగ్‌పూర్‌లో మలంచా రోడ్డు మీద నాది విత్తనాలు, పురుగుమందుల కొట్టు. బోర్డు మీద ‘మందులు’ అని చూసి తలనొప్పి మాత్రలకు వచ్చేవాళ్లున్నారు, చీకటి పడ్డాక వేరే మందు అడిగేవాళ్లూ ఉన్నారు. తలనొప్పి నాకు మిగులుతుంది.

ఒక రోజు అప్పలనాయుడు బాబాయ్ వచ్చాడు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయన భార్య సన్యాసమ్మ పిన్ని ఊరి చివర తమలపాకు తోట వేసింది. ఇక్కడ దాన్ని బరజ్ అంటారు. చుట్టూ తడికలు, పైన నీడకు కప్పు. బాబాయ్ తెచ్చిన ఆకు మీద పసుపు అంచుతో నల్ల మచ్చలు. ఆంత్రాక్నోస్ అనే ఫంగస్ తెగులు. మచ్చల ఆకును ఎవరూ కొనరు, వానల్లో వదిలేస్తే తోటంతా పాకుతుంది.

“రసాయనాలు కొట్టనంటంది మీ పిన్ని. నోట్లో ఏసుకునే ఆకు కదేటి?”

లవంగ నూనె ఇచ్చాను. ఇలాంటి ఎసెన్షియల్ ఆయిల్, అంటే మొక్కల నుంచి తీసే సుగంధ తైలం, కొన్ని ఫంగస్‌లను ఎదగనివ్వదు. అది నీళ్లలో కలవదు కాబట్టి కలిపి ఉంచే ఎమల్సిఫయర్ కూడా ఇచ్చి, మూత కొలత చూపించాను. ముందు నాలుగు తీగల మీద కొట్టి చూడమన్నాను.

మర్నాడు మాడిన ఆకుతో వచ్చాడు.

“ఎంత పోశావు బాబాయ్?”

“సీసాడూ పోసినాను. నూనె తక్కువైతే బేరింగు మాడుద్ది గానీ, ఎక్కువైతే ఏటవుద్దిరా?”

“తోటంతా కొట్టేశావా?”

“మీ పిన్ని రానిస్తే కదా. డూటీ నుంచి సరాసరి ఎల్నాను. తానం నేదు, బూట్లు ఇప్పనేదు, బరజులోకి ఏటని గుమ్మం కాడే ఆపేసింది. అక్కడ నిలబడి అందినంత మేర కొట్టినాను.”

స్నానం చేసి, చెప్పులు విడిచి బరజులోకి వెళ్లడం ఇక్కడి పాన్ రైతుల ఆచారం. నా సలహా ఆపలేని బాబాయ్‌ని ఆ ఆచారం ఆపింది. మాడింది గుమ్మం పక్క వరసే.

రెండోసారి పిన్నే వచ్చింది. మూతతో కొలిచి, నాలుగు తీగల మీద చూసుకుని, తర్వాత తోటంతా కొట్టింది. పాత మచ్చలు పోలేదు, ఆ ఆకులు తుంచి పారేసింది. కొత్త ఆకులు మాత్రం శుభ్రంగా వచ్చాయి. ఒకటి తెచ్చి నా ఎదుటే నమిలింది.

“లవంగం వాసన పోనాది. ఇప్పుడు కోత్తాను. ఆయన్ని మాత్రం నీ కొట్టుకి రానీకు.”

ఈ తైలాలు వచ్చిన మచ్చను మాన్పవు, రాబోయే మచ్చను ఆపుతాయి. కొలత తప్పితే ఆకునే కాలుస్తాయి. ఇది తైలం గురించి తెలిసింది. మనుషుల గురించి తెలిసింది ఇంకొకటి: డోసు చెప్పే ముందు, ఏం పని చేస్తారని అడుగుతున్నాను. ఫిట్టరంటే చిన్న సీసా ఇస్తున్నాను.