కొత్త సిస్టమూ, నాన్న చిలకలూ

మా ఆయనకు సినిమా పిచ్చి లేదు, పేకాట లేదు. పెళ్ళిచూపుల నాడు ఆ మాట విని మా అమ్మ తెగ మురిసిపోయింది. మరి ఏ పిచ్చి ఉందని అడగాలని మాలో ఎవరికీ తోచలేదు. కంప్యూటర్‌కు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వస్తోందని తెలిస్తే చాలు, ఆరు నెలల ముందు నుంచే ఆయనకు కాలు నిలవదు.

పోయినసారీ అంతే. పంజాగుట్టలో ఒక ఆసుపత్రి రికార్డు గదిలో ఆయన ఉద్యోగం. సాయంత్రం నేరుగా అమీర్‌పేట సందులో ఉన్న నా ఎంబ్రాయిడరీ షాపుకొచ్చి, స్టూలు మీద కూర్చుని ఫోన్లో వీడియోలు పెట్టేవాడు. "గీసారి వచ్చేది మస్తుగుంటదట. మూలలన్నీ గుండ్రంగ చేసిండ్రట" అనేవాడు. మూలలు గుండ్రమైతే నా జాకెట్ మెడలు తొందరగా కుట్టుకుంటాయా అని అడిగితే, నీకు చెప్పి లాభం లేదన్నట్టు చెయ్యి ఊపేవాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. తర్వాత పోలికలు మొదలయ్యేవి. పెంగ్విన్ బొమ్మ ఉండే సిస్టమ్ ఉచితమే కానీ అందులో మన ఎంబ్రాయిడరీ సాఫ్ట్‌వేర్ నడవదు. కొరికిన యాపిల్ పండు బొమ్మది చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ అది బంజారా హిల్స్ వాళ్ళకు. మనది అయితే పాతబడింది, కొత్తది వస్తే ఆ రెండింటినీ తలదన్నుతుంది. ఇదంతా నాకే కాదు, డిజైన్లు చూడ్డానికి వచ్చిన ఆడవాళ్ళకు కూడా వినిపించేవాడు. ఒకామె పాపం ఓపికగా అంతా విని, "మా ఇంట్ల కంప్యూటరే లేదన్నా" అంది. అయినా ఆపలేదు.

సందు కూడా ఆయనకే వత్తాసు. అమీర్‌పేటలో ఏది వస్తున్నా దానికంటే ముందు దాని కోచింగ్ వస్తుంది. ఆ సిస్టమ్ ఇంకా విడుదలే కాలేదు, దాన్ని నలభై ఐదు రోజుల్లో నేర్పుతామని మా షాపు మెట్ల పక్కన ఫ్లెక్సీ కట్టారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

నాకు మాత్రం ఉన్నదే చాలు. నా కంప్యూటర్ పాతది, అందులో డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్ ఇంకా పాతది. రెండూ ఒకదానికొకటి అలవాటుపడి, మా సంసారం లాగే సణుక్కుంటూ నడుస్తున్నాయి. కంప్యూటర్లు బాగుచేసే భాయ్ కూడా అదే చెప్పాడు. "సార్, నడుస్తున్న మిషన్ది నట్టు ఎందుకు విప్పుతరు? వైరస్ రాకుంట జర ఇంటర్నెట్ తీసేసి వాడుకోండి, ఫికర్ లేదు." ఈయన వింటేనా!

ఆ కంప్యూటర్లో నాకు ప్రాణంతో సమానమైనది ఒకటుంది. మా నాన్న చిలకల అంచు. నాన్న నేతపని చేసేవాడు. ఎదురెదురుగా రెండు చిలకలు, మధ్యలో దానిమ్మకాయ. ఆ అంచును తనే గళ్ళ కాగితం మీద గీసుకుని అమ్మకు చీర నేశాడు. ఆ చీర అమ్మ ఒంటి మీదే కాటికి వెళ్ళింది. నాన్న కూడా పోయాక, ఆ కాగితాన్ని చెదలు పూర్తిగా తినేలోపు నేను రెండు నెలలు కూర్చుని, గడి గడీ లెక్కపెట్టి కంప్యూటర్లోకి ఎక్కించాను. నాన్న చేతిపని అని చూసుకోవడానికి నాకు మిగిలింది అదొక్కటే.

మిగతా డిజైన్లన్నీ కుట్టే మిషన్ మెమరీలో కూడా ఉంటాయి. దీన్ని మాత్రం అందులో ఉంచలేదు. మా సందులో ఒక డిజైన్ బయటపడితే వారం తిరిగేసరికి నాలుగు షాపుల్లో వేలాడుతుంది. ఒకే ఒక్కసారి, బోనాలప్పుడు బల్కంపేట ఎల్లమ్మకు పెట్టే చీరకు కుట్టి, వెంటనే మిషన్‌లోంచి తీసేశాను. ఆ చీరను మడిచి పళ్ళెంలో పెట్టుకుని లైన్లో నిలబడితే, నా వెనకే ఉన్న ఎదురు షాపామె ఫోన్లో ఫొటో తీసుకుంది. పది రోజులకు మా చిలకలు ఆమె షాపు అద్దంలో, బొమ్మకు తొడిగిన జాకెట్ మీద కనబడ్డాయి. కాళ్ళు మడతలోకి పోయి ఫొటోలో పడలేదు కాబోలు, అక్కడ ఏదో తీగ అల్లింది. "దొంగతనం సుత సక్కగ చేయరాలేదు! కాళ్ళు లేని చిలకలు యాడనన్న ఉంటయా?" అని సందంతా వినేలా అరిచాను. అప్పటి నుంచి రెండేళ్ళు మాకు మాటల్లేవు.

కొత్త సిస్టమ్ రానే వచ్చింది. ఒక ఆదివారం నేను చుట్టాల పెళ్ళికి వెళ్తే, నాకేదో మేలు చేద్దామని ఈయన షాపు తాళం తీసి, పాతదంతా తుడిచేసి కొత్తది ఎక్కించాడు. సోమవారం వచ్చి చూస్తే తెర మీద కొండలూ సరస్సులూ ఉన్నాయి. నా సాఫ్ట్‌వేర్ లేదు.

"పరేషాన్ కాకు. నీయన్నీ పెన్‌డ్రైవ్ల ఎక్కించిన" అన్నాడు.

పెన్‌డ్రైవ్ పెట్టి చిలకల పేరు మీద నొక్కాను. ఫైలు లేదని వచ్చింది. ఇంకో నాలుగుసార్లు నొక్కాను. భాయ్‌ని పిలిస్తే, ఆయన చూసి తల పట్టుకున్నాడు. మా ఆయన తెర మీద కనబడే గుర్తులను మాత్రమే కాపీ చేశాడట. అసలు ఫైళ్ళు సాఫ్ట్‌వేర్ లోపలెక్కడో ఉన్నాయట. "తలుపు మీది బోర్డు పట్టుకొచ్చిండ్రు సార్. ఇల్లు ఆడనే ఉండిపోయింది" అన్నాడు భాయ్. పాపం రెండు రోజులు తంటాలు పడి, తుడిచేసిన డిస్కులోంచి దొరికినంత బయటికి తీశాడు. ఎప్పటివో పెళ్ళి ఫొటోలు దొరికాయి కానీ చిలకలు దొరకలేదు.

పొద్దంతా ఆసుపత్రిలో ఊరందరి ఫైళ్ళు ఏ బీరువాలో ఏ అరలో ఉన్నాయో కళ్ళు మూసుకుని చెప్పే మనిషి! నోటికొచ్చినట్టు తిట్టాలనుకున్నాను. నోరు తెరిస్తే ఏడుపొచ్చింది. ఆయన స్టూలు మీద తల వంచుకుని కూర్చున్నాడు. నిజం చెప్పాలంటే నా మీద నాకే ఎక్కువ మండింది. పదిమందికి కుట్టి ఇచ్చిన డిజైన్లన్నీ మిషన్‌లో క్షేమంగా ఉన్నాయి. ఎవరికీ దక్కకూడదని దాచుకున్నదే పోయింది.

మర్నాడు సిగ్గు చంపుకుని సందు దాటి ఎదురు షాపులోకి వెళ్ళాను. ఆమె దారం చుడుతూ తలెత్తి, "ఏంది చెల్లె?" అంది, నిన్ననే మాట్లాడుకున్నట్టు. ఆమె కంప్యూటర్ నాదాని కంటే పాతది. నెట్ లేదు, దసరాకు పెట్టిన పసుపు, కుంకుమ ఇంకా దాని మూలన అలాగే ఉన్నాయి.

"చిలకలున్నయా అక్కా?" అన్నాను.

ఆమె తెర నా వైపు తిప్పింది. "ఉన్నయి. గని కాళ్ళు లెవ్వు" అంది, నా ముఖం చూడకుండా.

నేను చెప్పాల్సిందంతా చెప్పాక ఆమె లేచి తన కుర్చీ నాకిచ్చింది. "కూసో. కాళ్ళు నువ్వే పెట్టు." వస్తాయో రావో అని భయపడ్డాను. రెండు నెలలు లెక్కపెట్టిన గళ్ళు మరి, వేళ్ళకు గుర్తున్నాయి. కిందికి మూడు, పక్కకు ఒకటి, మళ్ళీ కిందికి రెండు. ఆ తీగ చెరిపేసి కాళ్ళు పెట్టాను. నాన్న చిలకలు నిలబడ్డాయి. చాలాసేపు వాటినే చూస్తూ కూర్చున్నాను, ఆమె తొందర పెట్టలేదు.

తర్వాత పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చింది. ఎక్కింది అసలు ఫైలేనా అని రెండుసార్లు చూసుకున్నాను. నేను గడప దాటుతుంటే వెనక నుంచి అడిగింది.

"మరి నా దాంట్లకెల్లి తీసెయ్యాల్నా?"

"వద్దక్కా, నీ కాడ సుత ఉండనీ. మా ఆయన బతికున్నంత కాలం ఏదో ఒక కొత్త సిస్టమ్ వస్తనే ఉంటది."